మీకు తెలుసా? మహేంద్రగిరి అగ్నిపర్వతం కాదు

పాతపట్నం పక్కనుంచి పారే మహేంద్రతనయ నదికి పుట్టిల్లు ఒడిశాలోని మహేంద్రగిరి కొండలు. శిఖరం ఎత్తు 1,501 మీటర్లు. చల్లారిన అగ్నిపర్వతమేమో అనిపిస్తుంది గానీ, కాదు. తూర్పు కనుమల్లో విరివిగా ఉండే ఖోండలైట్ రాయి, భూగర్భపు వేడికీ ఒత్తిడికీ రూపు మారిన పాతకాలపు మట్టీ ఇసుకే. ఆ రాయి పేరు ఇక్కడి కోందు గిరిజనుల నుంచే వచ్చింది. మన దేశంలో రగిలే అగ్నిపర్వతం అండమాన్‌లోని బారెన్ దీవి ఒక్కటే.

ఇక మహేంద్రగిరిని దారి లేనిచోట ఎక్కాలంటే కాలం చూసుకోవాలి. వానల్లో నాచు బండ మీద కాలు నిలవదు. పొద్దున మోకాలి లోతున దాటిన గెడ్డ సాయంత్రానికి దాటనివ్వదు. అక్టోబరులో తుపాను భయం: 2018లో తిత్లీ పలాస దగ్గరే తీరం దాటింది. వేసవిలో నీళ్లకు కటకట. డిసెంబరు, జనవరి మేలు. అటవీ శాఖ అనుమతి, కొండ తెలిసిన ఊరి మనిషి తోడు లేకుండా మాత్రం బయల్దేరకండి.