డీవీడీకి నకలు తీయవచ్చా?

పిల్లలూ! ఉప్పాడలో సముద్రం ఒడ్డును కోసుకుపోతోందని మీరు వినే ఉంటారు. మా తరగతి అమ్మాయి ఒకతె వాళ్ల మేనత్త పెళ్లి డీవీడీ పట్టుకొచ్చింది. అందులో కనిపించే పెంకుటిల్లు ఇప్పుడు లేదు. అలల పాలైంది. "మాస్టారూ, ఇది పాడైతే ఆ ఇంటిని మళ్లీ చూడలేం. నకలు తీయవచ్చా? తప్పు కాదా?" అని అడిగింది.

ముందు డీవీడీలో ఏముందో చూద్దాం. బిళ్ల మీద ఒక సన్నని దారి చుట్లు చుట్లుగా తిరిగి ఉంటుంది. చుట్టుకూ చుట్టుకూ మధ్య దూరం 0.74 మైక్రానులు. మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు! దుకాణంలో అమ్మే సినిమా డీవీడీలో ఈ దారి పొడవునా గుంటలు అచ్చువేసి ఉంటాయి. పెళ్లి డీవీడీ వంటి వాటిలో గుంటలకు బదులు రంగు పొర ఉంటుంది. లేసర్ వేడికి దానిపై మచ్చలు పడతాయి. ప్లేయరు ఎర్రని లేసర్ కిరణంతో వీటిని 0, 1 అంకెలుగా చదువుతుంది.

అంకెలు కావడమే ఇందులో విశేషం. మా ఊరి జాందానీ నేతగాళ్లు బుటాను గళ్ల కాగితం మీద వేసుకుంటారు. గళ్ల లెక్క తప్పకపోతే పదో చీర మీది బుటా కూడా మొదటిదానిలాగే ఉంటుంది. డీవీడీ నకలూ అంతే. పాత వీడియో క్యాసెట్లలో నకలుకు నకలు తీసేకొద్దీ బొమ్మ మసకబారేది. అయితే ఎండకూ వేడికీ రంగు పొర చెడిపోతే, లేదా లోతైన గీతలు పడితే అంకెలే చదవలేం. అందుకే నకలు ముందుగానే తీయాలి. మామూలు ఖాళీ డీవీడీలో 4.7 గిగాబైట్లు పడతాయి. రెండు పొరల డీవీడీలో 8.5 వరకు ఉండవచ్చు. కాబట్టి కొనేటప్పుడు చూసుకోవాలి.

మరి చట్టం ఏమంటుంది? 1957 నాటి మన కాపీరైటు చట్టం ప్రకారం, వేరే ఒప్పందం లేకపోతే, డబ్బిచ్చి వీడియో తీయించుకున్నవారికే దానిపై హక్కు. ఆ పెళ్లి వీడియో తీయించింది అమ్మాయి తాతగారే. కనుక వాళ్లు నకలు తీసుకోవచ్చు.

సినిమా డీవీడీ సంగతి వేరు. కొంటే బిళ్ల మనదవుతుంది గాని సినిమాపై హక్కు మనది కాదు. సొంత వాడకానికి న్యాయమైన మేరకు ఉపయోగించుకోవడాన్ని 52వ సెక్షను అనుమతిస్తుంది. 2012 సవరణతో అది సినిమాలకూ వర్తించింది. కాని ఇతరుల హక్కును దెబ్బతీసే ఉద్దేశంతో డీవీడీకి వేసిన రహస్య తాళాన్ని పగలగొడితే 2 ఏళ్ల వరకు జైలు అని అదే సవరణ చెప్పింది. నకళ్లు తీసి అమ్మితే 3 ఏళ్ల వరకు శిక్ష పడవచ్చు.

ఆ అమ్మాయిని రెండు నకళ్లు తీయించి, ఒకటి పిఠాపురంలోని బంధువుల ఇంట ఉంచమన్నాను. అక్కడికి అలలు రావు కదా! మీ ఇంట్లోనూ పాత డీవీడీలు ఉంటే ఈ సెలవుల్లో ఒకసారి వేసి చూడండి.