నల్లకోటు కింద పాఠ్యపుస్తకం

"ఉద్యోగం ఉంది, నల్లకోటు ఉంది, ఇంకా ఈ చదువేమిటి బావగారూ?" అని మా బావమరిది ఎకసెక్కమాడుతూంటాడు. అతనన్నదాంట్లో అబద్ధం లేదు. మేజిస్ట్రేటు కోర్టులో సర్కారు తరఫున కేసులు నడిపే అసిస్టెంటు పబ్లిక్ ప్రాసిక్యూటరుకు ఎల్.ఎల్.బి. పట్టా చాలు. ఎల్.ఎల్.ఎం. లేనందువల్ల నాకు తెలిసి ఎవరి ఉద్యోగమూ ఊడలేదు. అయినా తల నెరిసే వయసులో పుస్తకం పట్టాను.

అసలు చిక్కు 2024 జూలై 1న వచ్చిపడింది. 1860 నాటి ఇండియన్ పీనల్ కోడు పోయి భారతీయ న్యాయ సంహిత వచ్చింది. 511 సెక్షన్లు 358కి దిగాయి. హత్యంటే 302 అని సినిమా చూసే ప్రతివాడికీ తెలుసు గదా! ఇప్పుడది 103. కొత్త 302 మత విశ్వాసాలను నొప్పించే మాటలకు సంబంధించినది. మోసం 318లో చేరింది. ఇక ఎవరినైనా 'ఫోర్ ట్వంటీ' అని తిడదామంటే, కొత్త చట్టంలో ఆ నంబరే లేదు సుమా! పోనీ, పాతది మరిచిపోదామా అంటే, ఆ తేదీకి ముందు జరిగిన నేరాలకు పాత కోడే వర్తిస్తుంది. అందుచేత నా బల్లమీద రెండు కాపురాలు.

చదువు రాత్రి తొమ్మిది దాటాకనే. న్యాయశాస్త్ర సిద్ధాంతాలు కావలసినన్ని ఉన్నాయి గాని, బెదిరిన సాక్షి చేత నిజం ఎలా చెప్పించాలో నేర్పే పాఠం వెతికినా దొరకలేదు. సిద్ధాంత వ్యాసం మాత్రం అక్కరకొచ్చింది.

2022 నాటి కేసొకటి. ఒక ముసలమ్మ మెళ్లో గొలుసు తెంపుకుపోయారు. ప్రతి వాయిదాకూ ఆవిడ రెండు బస్సులు మారి వస్తుంది. ఎదురుగా ఉన్న కొట్టు కెమెరాలో దొంగ ముఖం పడింది. పోలీసులు ఆ వీడియోను పెన్‌డ్రైవులోకి ఎక్కించారే గాని, పాత సాక్ష్య చట్టం 65-బి కింద ఉండవలసిన సర్టిఫికెట్టు జతపరచలేదు. ముద్దాయి వకీలు లేచి అభ్యంతరం చెప్పాడు. సబబే, సర్టిఫికెట్టు లేని నకలు చెల్లదని 2014లో అన్వర్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. నా వ్యాసానికి ఎన్నుకున్నది సరిగ్గా ఆ విషయమే. 2020 నాటి అర్జున్ పండిత్‌రావు తీర్పు కూడా సర్టిఫికెట్టు తప్పదంటుంది. కాని విచారణ ముగిసేలోగా, ముద్దాయికి అన్యాయం జరగనంతవరకూ, కోర్టు దాన్ని తెప్పించుకోవచ్చునని దారి చూపుతుంది. ఆ పేరాలు చూపి దరఖాస్తు పెట్టాను. సర్టిఫికెట్టు వచ్చింది.

దానితోబాటు మరో సంగతీ వచ్చింది. కెమెరా గడియారం నలభై నిమిషాలు ముందుందని కొట్టు యజమాని నాతో అన్నాడు. అది ముద్దాయికి పనికొచ్చే మాట. అయినా సాక్షి బోనులో నేనే అతని చేత చెప్పించాను. ప్రాసిక్యూటరు ఉన్నది శిక్షలు లెక్కపెట్టుకోవడానికి కాదు, ఉన్నదున్నట్టు కోర్టు ముందుంచడానికి. మా పోలీసు మిత్రులు రెండు రోజులు నాతో మాట్లాడలేదు లెండి!

కొత్త సాక్ష్య అధినియమం 63వ సెక్షను సర్టిఫికెట్టును రెండు భాగాలు చేసింది. ఒకటి దాఖలు చేసేవారిది, రెండోది నిపుణుడిది. నకలు మారలేదనడానికి హాష్ విలువ కూడా రాయాలి. చిన్న ఊళ్లలో ఆ నిపుణుడు ఎక్కడినుంచి వస్తాడన్నదే నా చివరి అధ్యాయం. ఇంకా సగం రాయాల్సి ఉంది. గొలుసు కేసులో వాదనలు వచ్చే వాయిదాకు పడ్డాయి.