సర్కారు వాటా, బోర్డు కుర్చీ: కొన్ని అపోహలు, వాస్తవాలు

హైదరాబాద్ సుల్తాన్ బజార్‌లో చీరల దుకాణాల పైనుంచి మెట్రో వెళ్తుంది. ఇరుకు బజారులోంచి ఆ వంతెన రాకూడదని ఇక్కడి వ్యాపారులు ఏళ్ల తరబడి పోరాడారు. చివరికి 2020 ఫిబ్రవరి 7న జేబీఎస్–ఎంజీబీఎస్ మార్గం మొదలైంది. ఈ మెట్రో ఎవరిదని అడిగితే చాలామంది తడుముకోకుండా "సర్కారుదే" అంటారు. కాని 2010 సెప్టెంబరు 4న కుదిరిన ఒప్పందం ప్రకారం దాన్ని కట్టి నడిపే బాధ్యత ఎల్ అండ్ టీ మెట్రో రైల్ (హైదరాబాద్) లిమిటెడ్ అనే ప్రైవేటు కంపెనీకి దక్కింది. ప్రభుత్వం తరఫున వ్యవహారం చూసే హైదరాబాద్ మెట్రో రైల్ లిమిటెడ్ వేరే కంపెనీ. పేర్లు దగ్గరగా ఉన్నా వాటాదారులు వేరు, బోర్డులూ వేరు.

2025 సెప్టెంబరులో ఈ లెక్క మారే దారి పడింది. దాదాపు 13 వేల కోట్ల రూపాయల అప్పును నెత్తికెత్తుకుని, ఈక్విటీకి సుమారు 2 వేల కోట్లు చెల్లించి ప్రాజెక్టును తాను తీసుకోవడానికి తెలంగాణ ప్రభుత్వం ఎల్ అండ్ టీతో సూత్రప్రాయంగా అంగీకారానికి వచ్చింది. ఇది రైళ్లకు మాత్రమే సంబంధించిన విషయం కాదు. అసలు ఒప్పందంలోనే 269 ఎకరాల్లో వాణిజ్య నిర్మాణాలు చేసుకునే హక్కు ఉంది. పంజగుట్ట, ఎర్రమంజిల్, హైటెక్ సిటీ, మూసారాంబాగ్ మాల్స్ ఆ హక్కు కిందే లేచాయి. అంటే ప్రజల సొమ్ముతో కొనే కంపెనీకి రైళ్లు ఎంత ముఖ్యమో అద్దెలూ, లీజులూ అంతే ముఖ్యం. అలాంటి కంపెనీలో జనం ప్రయోజనాన్ని కాపాడాల్సింది దాని బోర్డు. ఆ బోర్డు గురించి మనలో పాతుకుపోయిన అపోహలు మాత్రం తక్కువేమీ కావు.

అపోహ: సర్కారు భూమి అభివృద్ధి వ్యాపారంలోకి దిగడం ఈ పాతికేళ్ల ముచ్చట.

సుల్తాన్ బజార్ నుంచి ఆబిడ్స్ వైపు నడిస్తే దీనికి జవాబు రాతికట్టడంగా కనిపిస్తుంది. 1908 సెప్టెంబరు 28న మూసీ వరద నగరాన్ని ఊడ్చేసిన తర్వాత మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహాలు వచ్చాయి. 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు ఏర్పడింది. మురికివాడలు తొలగించడం, రోడ్లు వెడల్పు చేయడం, ఇళ్లు కట్టడం, బజార్లు నిర్మించి అద్దెకివ్వడం దాని పని. నిజాం రెండో కుమారుడు మోజం జా ఆ బోర్డుకు అధ్యక్షుడిగా ఉన్నారు. 1935లో వెలసిన మోజంజాహీ మార్కెట్ ఆయన పేరు మీదిదే. పత్తర్‌గట్టీ దుకాణాల వరుస కూడా ఆ బోర్డు చలవే.

స్వాతంత్ర్యం తర్వాత ఆ పని 1956 చట్టం కింద హౌసింగ్ బోర్డు చేతికి వచ్చింది. కూకట్‌పల్లి హౌసింగ్ బోర్డు కాలనీని నగరం కేపీహెచ్‌బీ అని పిలుచుకుంటోంది. నాంపల్లిలో ఎంజే రోడ్డు మీదున్న గృహకల్ప భవనం ఈ బోర్డుదే.

కొత్తగా వచ్చిందల్లా కంపెనీ రూపం. చట్టసభ చేసిన చట్టంతో పుట్టిన బోర్డుకు అధికారాలూ, హద్దులూ ఆ చట్టంలోనే రాసి ఉంటాయి. కంపెనీ అలా కాదు. దాని రాజ్యాంగం వాటాదారులు రాసుకున్న నియమావళి, వారి మధ్య కుదిరిన ఒప్పందం. హౌసింగ్ బోర్డు కూడా తన భూముల కోసం డెక్కన్ ఇన్‌ఫ్రాస్ట్రక్చర్ అండ్ ల్యాండ్ హోల్డింగ్స్ అనే అనుబంధ కంపెనీని పెట్టుకుంది. రాష్ట్రం విడిపోయాక ఆ కంపెనీ ఆస్తులు ఎవరివన్న తగవు ఆంధ్రప్రదేశ్, తెలంగాణల మధ్య ఏళ్ల పాటు నలిగింది. కంపెనీ పెట్టిన రోజు ఎవరూ ఊహించని ప్రశ్న అది.

అపోహ: సర్కారుకు వాటా ఉంటే అది సర్కారు కంపెనీయే.

2013 కంపెనీల చట్టం ఇక్కడ చాలా స్పష్టంగా ఉంది. చెల్లించిన మూలధనంలో కనీసం 51 శాతం కేంద్రం చేతిలోనో, రాష్ట్రాల చేతిలోనో, లేదా రెండింటి చేతిలో కలిపో ఉంటే అది ప్రభుత్వ కంపెనీ. అప్పుడు ఆడిటర్‌ను నియమించేది కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్ (కాగ్). ఆడిటర్ నివేదిక మీద కాగ్ తన వ్యాఖ్యలు జోడించవచ్చు. వార్షిక నివేదిక చట్టసభ ముందుకు రావాలి. వాటా 49 దగ్గర ఆగి, నియంత్రణ కూడా అవతలి పక్షానిదే అయితే ఈ తలుపులన్నీ మూసుకుంటాయి. ఆ రెండు శాతం తేడా చిన్నదిగా కనిపిస్తుంది. కాని ఎవరు లెక్క అడగగలరో, ఎవరికి జవాబు చెప్పాలో దానితోనే తేలిపోతుంది.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2000 తర్వాతి దశాబ్దంలో భూమి సర్కారుది, పెట్టుబడి ప్రైవేటుది అన్న పద్ధతిలో పుట్టిన సంస్థలు చాలావరకు ఈ గీతకు ఇవతలే ఉండిపోయాయి. వాటిలో అందరికీ తెలిసింది మణికొండ, నానక్‌రాంగూడ దగ్గర ఎమ్మార్ ప్రాజెక్టు. ఆంధ్రప్రదేశ్ పారిశ్రామిక మౌలిక సదుపాయాల సంస్థ ఏపీఐఐసీ 2003లో దుబాయ్‌కి చెందిన ఎమ్మార్‌తో కలిసి దీన్ని చేపట్టింది. 500 ఎకరాలకు పైగా భూమిలో కన్వెన్షన్ సెంటర్, హోటల్, గోల్ఫ్ మైదానం, విల్లాలు రావాలి. కన్వెన్షన్ సెంటర్, హోటల్ కంపెనీలో ఏపీఐఐసీకి 49 శాతం, గోల్ఫ్, టౌన్‌షిప్ కంపెనీల్లో 26 శాతం వాటా పెట్టారు. కన్వెన్షన్ సెంటర్ అనుకున్నట్టే వచ్చింది. ఇవాళ దేశమంతటికీ తెలిసిన హెచ్‌ఐసీసీ అదే. ఇబ్బంది ఎదురైంది విల్లాల దగ్గర.

అపోహ: 26 శాతం ఉంటే చాలు, ఏదైనా ఆపగలం.

ఈ 26 అంకె ఊరికే పుట్టింది కాదు. కంపెనీ చట్టంలో ప్రత్యేక తీర్మానం నెగ్గాలంటే వ్యతిరేకంగా పడిన ఓట్లకు కనీసం మూడు రెట్లు అనుకూలంగా పడాలి. అందువల్ల నాలుగో వంతు కంటే కాస్త ఎక్కువ వాటా ఉన్నవారు దాన్ని అడ్డుకోగలరు. నియమావళి మార్చడం, మొత్తం వ్యాపారాన్ని అమ్మేయడం లాంటివి ఈ కోవలోకి వస్తాయి. ప్రభుత్వాధికారులు 26 శాతాన్ని రక్షణ కవచంగా చూసేది అందుకే.

కాని కంపెనీ చేసే పనుల్లో చాలా వాటికి ప్రత్యేక తీర్మానం అక్కర్లేదు. ఎవరితో కాంట్రాక్టు చేసుకోవాలి, అమ్మకాలు ఎవరికి అప్పగించాలి, ఆదాయం ఎలా పంచుకోవాలి అన్నవి మామూలుగా బోర్డు సమావేశంలో సాధారణ మెజారిటీతో తేలిపోతాయి. వాటాదారుల ఒప్పందంలో "ఈ నిర్ణయాలకు మా నామినీ అంగీకారం తప్పనిసరి" అని ముందే రాసుకోకపోతే 26 శాతం వాటాదారు చేయి ఆ గదిలో లేవదు.

ఎమ్మార్ వ్యవహారంలో వచ్చిన ప్రధాన ఆరోపణ ఇక్కడే ఉంది. టౌన్‌షిప్ కంపెనీ తన అభివృద్ధి హక్కులను ఎమ్మార్ ఎంజీఎఫ్ అనే మరో కంపెనీకి అప్పగిస్తూ ఒప్పందం చేసుకుంది. ఆ ఒప్పందం కింద టౌన్‌షిప్ కంపెనీకి వచ్చేది అమ్మకాల ఆదాయంలో నాలుగో వంతు. ఏపీఐఐసీకి ఉన్నది ఆ కంపెనీలో 26 శాతం. నాలుగో వంతులో 26 శాతమంటే ఆరున్నర. షేరు సర్టిఫికెట్ మీద ఒక్క అంకె మారలేదు, ఏపీఐఐసీ వాటా 26 శాతంగానే ఉంది. దాని వెనక నిజంగా అందే ఆదాయం మాత్రం నాలుగింట ఒక వంతుకు పడిపోయింది. 2011లో హైకోర్టు ఆదేశంతో సీబీఐ కేసు నమోదు చేసింది, తర్వాత అభియోగపత్రాలు దాఖలు చేసింది. నేరం ఎవరిదన్నది న్యాయస్థానాలు తేల్చాల్సిన విషయం. కాని పాలన పాఠం కోసం తీర్పు దాకా ఆగనక్కర్లేదు. ఈ ఒక్క లెక్కను బోర్డులో ఉన్న ప్రభుత్వ ప్రతినిధులు బిగ్గరగా అడిగి, ఆ అడిగిన మాటను మినిట్స్‌లో రాయించి, వెంటనే ప్రభుత్వానికి ఫైలు పంపాల్సింది. జనం భూమికి కాపలా అంటే ఆ పని.

దీనికే ముడిపడిన మరో పొరపాటు అవగాహన కూడా ఉంది. నామినీ డైరెక్టర్ తనను పంపిన శాఖ మాట వింటే సరిపోతుందని చాలామంది అనుకుంటారు. కంపెనీల చట్టంలోని 166వ సెక్షన్ డైరెక్టర్లందరి మీదా ఒకే బాధ్యత పెట్టింది. సద్బుద్ధితో, కంపెనీ మేలు కోసం, వాటాదారులు, ఉద్యోగులు, సమాజం, పర్యావరణం దృష్టిలో పెట్టుకుని పనిచేయాలి. స్వతంత్రంగా తన బుర్ర వాడాలి. బదిలీ మీద వచ్చి, అజెండా కాగితాలు కారులో తిరగేసి, సంతకం పెట్టి వెళ్లిపోయే అధికారికి కూడా ఈ బాధ్యత తప్పదు. ఒక ఐఏఎస్ అధికారి చేతిలో ఎన్నో కంపెనీల డైరెక్టర్ పదవులు పెట్టి, రెండేళ్లకోసారి కుర్చీ మార్చే అలవాటును ప్రభుత్వాలు వదులుకోనంత కాలం ఈ సెక్షన్ కాగితం మీదే ఉంటుంది.

అపోహ: పెద్ద పేర్లున్న బోర్డు తప్పు చేయదు.

సుల్తాన్ బజార్ మీదుగా వెళ్లే మెట్రో చరిత్రే దీనికి సాక్ష్యం. 2008లో మొదట ఈ ప్రాజెక్టు దక్కింది మేటాస్ ఇన్‌ఫ్రాకు. ప్రభుత్వం నుంచి సాయం అడగకపోగా, తామే ప్రభుత్వానికి 30,311 కోట్లు ఎదురు చెల్లిస్తామన్న బిడ్ అది. మెట్రోను తమ భూముల వైపు మళ్లించుకునే ఉద్దేశం దాని వెనక ఉందేమోనని ఢిల్లీ మెట్రో సారథి ఇ.శ్రీధరన్ ఆ ఏడాదే లేఖ రాసి హెచ్చరించారు. ఆ మాట అప్పట్లో ఎవరి చెవికీ ఎక్కలేదు.

అదే ఏడాది డిసెంబరు 16న సత్యం కంప్యూటర్ బోర్డు సమావేశమైంది. అజెండాలో ఉన్నది వ్యవస్థాపకుడి కుటుంబానికి చెందిన మేటాస్ ప్రాపర్టీస్, మేటాస్ ఇన్‌ఫ్రాలను 160 కోట్ల డాలర్లకు కొనే ప్రతిపాదన. బోర్డు సభ్యుల్లో హార్వర్డ్ ఆచార్యుడు, ఇండియన్ స్కూల్ ఆఫ్ బిజినెస్ డీన్, మాజీ కేబినెట్ కార్యదర్శి, పెంటియం చిప్ రూపకల్పనతో పేరు మోసిన ఇంజినీరు ఉన్నారు. సాఫ్ట్‌వేర్ కంపెనీ రియల్ ఎస్టేట్ కంపెనీని కొనడం, అదీ సొంత మనుషుల దగ్గర కొనడం, ఆ బోర్డులో ఆమోదం పొందింది. పెట్టుబడిదారులు భగ్గుమనడంతో కొన్ని గంటల్లోనే వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. 2009 జనవరి 7న లెక్కల మోసాన్ని ఒప్పుకుంటూ వ్యవస్థాపకుడు రాజు రాసిన లేఖ బయటపడింది. జులైలో మేటాస్ మెట్రో ఒప్పందం రద్దయింది. కంపెనీ పాలనలో మేటి అంటూ గోల్డెన్ పీకాక్ అవార్డు సత్యానికి దక్కింది కూడా 2008లోనే.

ఆ కథలో రెండో సగం గురించి తక్కువగా చెప్పుకుంటాం. పాత బోర్డును తొలగించిన కేంద్ర ప్రభుత్వం దీపక్ పరేఖ్, కిరణ్ కార్నిక్, సి.అచ్యుతన్‌లను నియమించింది. తర్వాత మరికొందరు చేరారు. మునిగిపోతుందనుకున్న కంపెనీని వారు జీతాలు ఆగకుండా నడిపి, పోటీ బిడ్లు పిలిచి, ఏప్రిల్‌లోనే టెక్ మహీంద్రాకు అప్పగించారు. సర్కారు నియమించిన బోర్డంటే పనికిమాలినదే అనేవారికి ఇది గట్టి జవాబు. పాత బోర్డులోనూ చదువు, పేరు తక్కువ కాలేదు. కొత్తవారికి స్పష్టమైన బాధ్యత అప్పగించారు, పైనుంచి చేయి పెట్టలేదు. తేడా అక్కడుంది.

అపోహ: నగరం కంపెనీ అంటే మేయర్, కార్పొరేటర్ల చేతిలో ఉంటుంది.

హైదరాబాద్‌లో అలా లేదు. 2008లో ఏర్పడిన హైదరాబాద్ మహానగర అభివృద్ధి సంస్థ హెచ్‌ఎండీఏకు ఛైర్మన్ ముఖ్యమంత్రి. 158 కిలోమీటర్ల అవుటర్ రింగ్ రోడ్డును చూసే హైదరాబాద్ గ్రోత్ కారిడార్ లిమిటెడ్‌లో ప్రధాన వాటా హెచ్‌ఎండీఏది. 2023లో ఆ రోడ్డును 30 ఏళ్లకు 7,380 కోట్లకు ఐఆర్‌బీ అనే ప్రైవేటు కంపెనీకి లీజుకిచ్చినప్పుడు నగర కౌన్సిల్‌లో ఓటు వేయాల్సిన అవసరమే రాలేదు. స్మార్ట్ సిటీ కంపెనీల్లో మాత్రం రాష్ట్రానికీ, నగరపాలక సంస్థకూ సగం సగం వాటా ఉండాలని కేంద్రం నిబంధన పెట్టింది. విశాఖ, వరంగల్ అలాగే కంపెనీలు పెట్టుకున్నాయి.

కంపెనీ నిజంగా నగరం చేతిలోనే ఉన్న చోట్లూ ఉన్నాయి. జర్మనీలోని హాంబర్గ్ పాత రేవు భూముల్లో హాఫెన్‌సిటీ అనే కొత్త పేట కట్టడానికి పెట్టిన కంపెనీ పూర్తిగా ఆ నగరానిదే. స్థలం కావాలన్న బిల్డరుకు వెంటనే అమ్మరు. కొంతకాలం అతని పేరున కేటాయించి ఉంచుతారు. ఆ గడువులో అతను డిజైన్ పోటీ పెట్టి, అనుమతులు తెచ్చుకుని, అప్పుడు కొనాలి. మాట తప్పితే స్థలం నగరానికే ఉండిపోతుంది. భూమి చేతులు మారిన తర్వాత కోర్టుల చుట్టూ తిరిగే మన అనుభవం తెలిసినవారికి ఈ ఒక్క షరతు విలువ చెప్పనక్కర్లేదు.

అపోహ: కంపెనీ అయితే సమాచార హక్కు చెల్లదు.

చెల్లుతుంది. ప్రభుత్వానికి చెందిన, దాని నియంత్రణలో ఉన్న, లేదా గణనీయంగా నిధులు అందుకునే సంస్థ ఏదైనా సమాచార హక్కు చట్టం కిందికి వస్తుంది. నియంత్రణ పేరుకు ఉంటే చాలదు, గట్టిగా ఉండాలని 2013లో తలప్పలం సహకార బ్యాంకు కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. వ్యాపార రహస్యమంటూ కొన్ని కాగితాలు ఆపే వీలుంది కాని, విస్తృత ప్రజా ప్రయోజనం ఉంటే అదీ నిలవదు. ఇక సర్కారు కంపెనీ అయినా ప్రైవేటుదైనా, డైరెక్టర్ల పేర్లు, బ్యాలెన్స్ షీటు, తాకట్టుల వివరాలు కార్పొరేట్ వ్యవహారాల శాఖ వద్ద స్వల్ప రుసుముతో ఎవరైనా చూడవచ్చు. బోర్డు మినిట్స్ మాత్రం అక్కడ దొరకవు. వాటికి సమాచార హక్కే దారి.

మెట్రో పూర్తిగా రాష్ట్ర ప్రభుత్వ కంపెనీ అయితే కంపెనీల చట్టంలోని 395వ సెక్షన్ దానికీ వర్తిస్తుంది. వార్షిక సర్వసభ్య సమావేశం జరిగిన మూడు నెలల్లోగా ప్రభుత్వం దాని నివేదికను సిద్ధం చేయాలి. ఆపైన ఆడిట్ నివేదికతో, కాగ్ వ్యాఖ్యలతో కలిపి వీలైనంత త్వరగా శాసనసభ, శాసనమండలి ముందు పెట్టాలి.  మాల్స్‌లో ఏ దుకాణం ఎంత అద్దెకు పోయింది, అప్పు తీర్చడానికి ఏ స్థలం ఎవరికి లీజుకు వెళ్లింది, ఆ రోజు బోర్డులో ఎవరెవరు ఉన్నారు అన్నవి ఎమ్మెల్యేలు ఆ నివేదిక చేత్తో పట్టుకుని అడగవలసిన ప్రశ్నలు. నివేదిక సమయానికి రాకపోతే మొదటి ప్రశ్న అదే కావాలి.