ఉనికి వేరు, కదలిక వేరు: సెన్సార్ దీపాల సంగతి

పోయిన దీపావళి సెలవుల్లో మా నాయన ఇంట్లో బాత్‌రూమ్‌కి సెన్సార్ దీపం పెట్టారు. ఆయనది కరెంటు పని. మా అవ్వకి చూపు తగ్గింది, రాత్రిపూట స్విచ్చి కోసం గోడ తడుముకునే బాధ తప్పుతుందని ఆయన ఆలోచన. మూడో రోజు అవ్వ పీట మీద కూర్చుని స్నానం చేస్తుంటే దీపం టక్కున ఆరిపోయింది. "కరెంటు పోయిందా ఏమే?" అని కేకేసి, చీకట్లో తడికాళ్ళతోనే లేచింది. కొళాయి చేతికి అందింది కాబట్టి సరిపోయింది, మోకాలు గీరుకుపోవడంతో బయటపడింది.

మన విభాగం చదువుగదికీ, వరండాకీ ఇలాంటి దీపాలు పెడదామని మేడమ్‌గారు అన్నప్పుడు నాకు ముందు అవ్వే గుర్తొచ్చింది. అందుకే ఇది రాస్తున్నాను.

అంగట్లో దీన్ని "మనిషి ఉంటే వెలుగుతుంది" అని చెప్పి అమ్ముతారు. అది సగం నిజం. మనం ఎక్కువగా కొనే చవక రకానికి, అంటే పీఐఆర్ సెన్సార్‌కి, తెలిసేది మనిషి కదలిక, ఉనికి కాదు. మన ఒంటి వేడి పరారుణ కిరణాలుగా బయటికి వస్తూనే ఉంటుంది. (పరారుణం అంటే అరుణానికి ఆవలిది. ఎవరు కల్పించారో గానీ చక్కటి మాట.) సెన్సార్ మీద కనిపించే తెల్లటి ప్లాస్టిక్ బుడిపె నిజానికి చిన్న చిన్న కటకాల గుంపు. అది గదిని విసనకర్ర మడతల్లాగా పట్టీలుగా విడదీస్తుంది. వేడి ఒక పట్టీలోంచి ఇంకో పట్టీలోకి జరిగితేనే లోపలికి కబురు అందుతుంది. కుదురుగా కూర్చున్నామా, దాని లెక్కలో గదిలో ఎవరూ లేనట్టే. దాని ముందు అడ్డంగా నడిస్తే వెంటనే పట్టేస్తుంది, నేరుగా ఎదురొస్తే ఆలస్యం చేస్తుంది. మధ్యలో గోడ ఉన్నా, అలమర ఉన్నా, ఆఖరికి కిటికీ అద్దం ఉన్నా దానికి కనపడదు. మా ఇంట్లో జరిగింది అదే. సెన్సార్ తలుపు పక్కన ఉంది, అవ్వ కూర్చున్నది అడ్డగోడ అవతల.

ఇంకో చిక్కు వేసవిలో వస్తుంది. బళ్ళారిలో మా అత్తవాళ్ళ మిద్దె మెట్ల దగ్గర దీపం మే నెలలో బాగా దగ్గరికి పోతే తప్ప వెలగదు. గోడల వేడీ ఒంటి వేడీ ఒకటైపోతే ఆ సెన్సార్‌కి తేడా తెలియదు మరి.

ఇన్ని ఉన్నా, వరండాకి పీఐఆర్ చాలు. అక్కడ ఎవరూ కూర్చోరు, నడిచిపోతారు. మెట్లకి మాత్రం పైన ఒకటి, కింద ఒకటి పెట్టి, ఏది చూసినా అదే దీపం వెలిగేలా కలపాలి. రెండు మెట్లు దిగినాక వెలిగే దీపం ఎందుకు?

బాత్‌రూములు వరుసగా ఉన్నచోట మైక్రోవేవ్ రకం పనికొస్తుంది. ఇది తానే అలలు పంపి, తిరిగొచ్చిన వాటిని చూస్తుంది. కదిలే మనిషికి తగిలి వచ్చిన అలలో కొంచెం తేడా ఉంటుంది, దగ్గరికొచ్చే రైలు కూతకీ దూరమయ్యే కూతకీ ఉన్నట్టు. పలచని చెక్క, ప్లాస్టిక్ అడ్డుల్ని ఇది దాటేస్తుంది. తలనొప్పి కూడా అదే. అడ్డు అవతల ఎవరు నడిచినా ఇవతల దీపం వెలుగుతుంది. తిరిగే ఫ్యాన్‌ని చూసి మనిషే అనుకోవడమూ ఉంది. మా ఇంట్లో నాయన ఇది కొనలేదు. పాత సెన్సార్‌నే అడ్డగోడకు రెండు వైపులా కనపడేలా సీలింగ్‌కి మార్చి, ఆరే సమయం పది నిమిషాలకు పెంచారు. దానితోపాటు ఎప్పుడూ వెలిగే ఒక జీరో బల్బు పెట్టారు. నన్నడిగితే ఆ జీరో బల్బే అన్నిటికన్నా తెలివైన పని.

పడక గదికి వద్దేవద్దు. నిద్రలో పక్కకు తిరిగినా వెలుగుతుంది.

అసలు పేచీ మన చదువుగదితోనే. అక్కడ మనం చేసే కదలికల్లా పేజీ తిప్పడం, పెన్ను నడపడం. మామూలు పీఐఆర్ పెడితే అరగంటకోసారి చేతులు ఊపుతూ కూర్చోవాలి. దీనికోసమే ప్రెజెన్స్ డిటెక్టర్ అని వేరే రకం ఉంది. పని చేసే తీరు పీఐఆర్‌దే, కాకపోతే పట్టీలు చాలా ఎక్కువ, చాలా సన్నవి. అందుకని చేతి కదలిక కూడా అందుతుంది. ధర మాత్రం ఎక్కువ. కొనేటప్పుడు దాని కాగితం మీద నడిచే మనిషిని ఎంత దూరంలో, కూర్చున్న మనిషిని ఎంత దూరంలో పడుతుందో విడివిడిగా ఉందేమో చూడాలి. మనకు కావాల్సింది రెండోది, అది ఎప్పుడూ చిన్నదిగానే ఉంటుంది. దాన్ని తలుపు దగ్గర కాకుండా పెద్ద బల్లకు సరిగ్గా పైన బిగించాలి. పుస్తకాల బీరువాల మధ్య సందులు దానికి కనపడవు కాబట్టి అక్కడ మామూలు స్విచ్చి ఉంచుకోవడమే మేలు. ఆరే సమయం ఇరవై నిమిషాలకు తగ్గకూడదు. వెలిగించడం మన చేత్తో, ఆర్పడం దానంతట అది అన్న పద్ధతి కూడా కొన్నిటిలో ఉంది. పగలు కిటికీ వెలుతురు చాలినప్పుడు ఊరికే దీపం వెలగకుండా ఉంటుంది గనక మన గదికి అదే నాకు నచ్చింది.

డబ్బు లెక్క చూసేవాళ్ళకు రెండు మాటలు. మన గదిలో ఇంకా పాత ట్యూబులైట్లే ఉన్నాయి. అవి మాటిమాటికీ వెలిగి ఆరితే తొందరగా పోతాయి, ముందు ఎల్‌ఈడీలు మార్చాలి. పాత స్విచ్చిబోర్డుల్లో చాలావాటికి న్యూట్రల్ వైరు ఉండదు, ఎక్కువ సెన్సార్లకు అది కావాలి. బోర్డు విప్పి చూడకుండా ఏదీ కొనకండి.

నాయన ఒక సెన్సార్ అప్పిస్తానన్నారు. బిగించే ముందు దాన్ని బల్ల మీద పట్టుకుని చూడాలి. అందుకు ఎవరైనా ఒకరు ఇరవై నిమిషాలు ఫోన్ ముట్టకుండా, మాట్లాడకుండా, పుస్తకం మాత్రమే చదువుతూ కూర్చోవాలి. రెండో సంవత్సరం వాళ్ళలో అలాంటివాళ్ళు ఉంటే శనివారం లోపల నాకు పేరివ్వండి.