పిండే చేటు, పిండే మందు

పొందూరు పంచెకు గంజి పెడితే నిలబడుతుంది. ఆ గంజికి అసలు సరుకైన పిండిపదార్థం కడుపులో, అదీ పేగుల బయట పడితే ఏమవుతుందో సర్జన్లకు తెలియడానికి చాలా ఏళ్లు పట్టింది.

కడుపు ఆపరేషన్ అయిన ఏడాదికో పదేళ్లకో మళ్లీ నొప్పి, వాంతులు. డాక్టరు ‘పేగులు అతుక్కున్నాయి’ అంటారు. కుట్లు సరిగా వెయ్యలేదేమోనని ఇంటిల్లిపాదికీ అనుమానం. నిజానికి ఎంత నేర్పుగా కోసినా చాలామందికి ఎంతో కొంత అతుకు తప్పదు. పేగుల్ని జారుడుగా ఉంచే పలచని పొర పెరిటోనియం. అది గీరుకున్న చోట ఫైబ్రిన్ అనే జిగురు ఊరుతుంది. మామూలుగా ఒళ్లే దాన్ని కొద్దిరోజుల్లో కరిగించేస్తుంది. గాయానికి రక్తం చాలకపోతే కరగదు. దాని మీద పీచు అల్లుకుని గట్టి పట్టీ అవుతుంది. పొర మళ్లీ కమ్ముకోవడానికి వారం చాలు. ఆ వారం పేగులు ఒకదాన్నొకటి తాకకుండా చూడాలి, అంతే.

ఒకప్పుడు సర్జన్ల చేతొడుగుల్లో టాల్కం పౌడరు చల్లేవారు. అది అతుకులు తెస్తోందని 1940ల చివర్లో మొక్కజొన్న పిండికి మారారు. పిండే కదా, ఒంట్లో కలిసిపోతుందని ధీమా. కొందరి కడుపులో అదీ కణుతులు కట్టింది, అతుకులు తెచ్చింది. అమెరికా 2017 జనవరిలో గానీ పౌడరు చేతొడుగుల్ని నిషేధించలేదు!

విచిత్రమేమిటంటే, విరుగుడూ మొక్కజొన్న పిండిలోంచే వచ్చింది. కిడ్నీ జబ్బులతో సతమతమయ్యే ఉద్దానం వాళ్లకు డయాలసిస్ అంటే చెప్పక్కర్లేదు. అందులో కడుపులోకి ద్రావణం పోసి చేసే రకం ఒకటుంది. ఆ ద్రావణంలోని గ్లూకోజు త్వరగా రక్తంలోకి ఇంకిపోతుందని, మాంచెస్టర్ కిడ్నీ వైద్యులు పిండిని చిన్న గొలుసులుగా విరిచిన ఐకోడెక్స్‌ట్రిన్ వాడి చూశారు. వాళ్ల పెద్ద పరీక్ష 1994లో అచ్చయింది. పిండిని విరిచే ఎమైలేజ్ మన ఉమ్మిలో ఉంది, రక్తంలో ఉంది. పేగుల చుట్టూ ఉన్న ఖాళీలో దాదాపు లేదు. అందుకే ఐకోడెక్స్‌ట్రిన్ ద్రావణం రోజుల తరబడి అక్కడే నిలుస్తుంది. సర్జన్లకూ ఈ గుణమే పనికొచ్చింది. ఆపరేషన్ చివర దాని 4 శాతం ద్రావణం లీటరు పోసి కుట్లు వేస్తే, పేగులు అందులో తేలుతూ ఎడంగా ఉంటాయి. 2006లో అమెరికా ఈ వాడకానికి అనుమతిచ్చింది, అదీ స్త్రీల లాపరోస్కోపీ ఆపరేషన్లకే.

దానికి పదేళ్ల ముందే, 1996లో, అతుకులు పడకుండా లోపల పరిచే సెప్రాఫిల్మ్ అనే పలచని పొర వచ్చింది. తడి చెయ్యి తగిలితే అప్పడంలా అంటుకుపోతుందని సర్జన్లు విసుక్కునేవారు. ఏదీ పూర్తి హామీ కాదు. అందుకే చిన్న కోత, ఎండనివ్వని పేగు, రక్తం కారనివ్వని ఓపిక మీదే ఇప్పటికీ ఎక్కువ భారం.

ఐకోడెక్స్‌ట్రిన్ చివరికి విరిగి మాల్టోజ్ అవుతుంది. కొన్ని గ్లూకోమీటర్ పట్టీలు దాన్ని గ్లూకోజు అనుకుని లేని షుగరు చూపిస్తాయి. దాన్ని నమ్మి ఇన్సులిన్ వేస్తే ప్రమాదం. డిశ్చార్జి కాగితంలో ఈ మందు పేరుందేమో చూసుకోండి.