కోరంగిలో వసంతం: అంకెల్లో మడ అడవి

వేప పూత, కోయిల కూత రాజమహేంద్రవరంలోనూ ఉంటాయి. గోదావరి వసంతాన్ని పూర్తిగా చూడాలంటే మాత్రం నది వెంట దిగువకు వెళ్లాలి. సుమారు 70 కిలోమీటర్లు వెళితే, గౌతమి పాయ సముద్రాన్ని చేరే చోట కోరంగి మడ అడవి కనిపిస్తుంది. 1978లో అభయారణ్యమైన ఈ అడవి విస్తీర్ణం 235.70 చదరపు కిలోమీటర్లు.

10,000 వేర్లు

ఆటు సమయంలో అడవిలోని చెక్కబాట మీద నిలబడి కిందికి చూడండి. నల్లమడ చెట్ల వేర్లు బురదలోంచి పెన్సిళ్లలా నిటారుగా లేచి ఉంటాయి. వాటి మధ్య వేలెడంత చేప ఒకటి రెక్కలు ఊతంగా చేసుకుని గెంతుతుంది, అడుగు చప్పుడైతే చాలు పీత బొరియలోకి దూరుతుంది. బురదలో గాలి ఆడదు కాబట్టి చెట్టు ఆ వేర్లతోనే ఊపిరి తీసుకుంటుంది. ఈ జాతి చెట్టు రెండు మూడు మీటర్ల ఎత్తే ఉన్నా దాని చుట్టూ 10,000కు పైగా శ్వాసవేర్లు ఉండవచ్చు. మనం బురదలో దిగి నడిస్తే అవి విరుగుతాయి. చెక్కబాట మనుషుల సౌకర్యం కోసమే అనుకుంటాం గానీ, అది చెట్టు ఊపిరికి కూడా కాపలా.

అందుకే బాటను బాగుచేయడమంటే వెడల్పు చేయడం కాదు. ఉప్పుగాలికి మేకులు తుప్పుపడతాయి, తడిసి ఆరే చెక్క పుచ్చిపోతుంది. పాడైన పలకలను ఎప్పటికప్పుడు మార్చాలి. పెద్దవాళ్లు పట్టుకోవడానికి గట్టి కమ్మీలుండాలి. ఏది నల్లమడో, ఏది తిల్ల చెట్టో తెలుగులో రాసిన పలకలు పెట్టాలి. తిల్ల పాలు కంట్లో పడితే చూపుకే ప్రమాదమని పిల్లలకు తెలియాలి కదా!

115 బావురుపిల్లులు

2018 లెక్కల్లో ఇక్కడ 115 బావురుపిల్లులు ఉన్నట్టు తేలింది. నీళ్లలో దిగి చేపలు పట్టే ఈ పిల్లి ఎక్కువగా రాత్రిపూటే తిరుగుతుంది. పగలు వెళ్లినవారికి అది కనిపించకపోయినా బురద మీద దాని పాదముద్రలు కనిపించవచ్చు. చలికాలమంతా కాకినాడ తీరంలో గడిపిన వలస పక్షులు ఎండలు ముదిరేలోగా ఉత్తర దిశగా తిరిగి వెళ్తాయి.

1000లో ఒకటి

అడవికి అవతల, కాకినాడకు అలల నుంచి అడ్డుగోడలా సుమారు 16 కిలోమీటర్ల ఇసుకతిన్నె ఉంది. అదే హోప్ ఐలాండ్. జనవరి నుంచి మార్చి వరకు ఆలివ్ రిడ్లే తాబేళ్లు ఈ తీరానికి వచ్చి గుంతలు తవ్వుతాయి. ఒక్కో గుంతలో 100కు పైగా గుడ్లు పెడతాయి. 45 నుంచి 60 రోజులకు పిల్లలు బయటికొస్తాయి. వెయ్యి పిల్లల్లో పెద్దయ్యేది ఒకటే అని అంచనా. ఏప్రిల్ 15 నుంచి 61 రోజులు సముద్రంలో చేపల వేట నిషేధం ఉంటుంది. కానీ తల్లి తాబేళ్లు తీరానికి వచ్చే నెలలు అంతకు ముందువి. అప్పుడు వలలో చిక్కిన తాబేలు పైకొచ్చి గాలి పీల్చుకోలేక చనిపోతుంది.

175 గేట్లు

ఈ అడవి కథకు మొదలు మన రాజమహేంద్రవరం పక్కనే, ధవళేశ్వరంలో ఉంది. గోదావరి మీద అక్కడున్న బ్యారేజీకి 175 గేట్లు. దాళ్వాలో నీరు మూడు కాలువల్లోకి మళ్లి లక్షల ఎకరాలకు అన్నం పెడుతుంది. ఆ నెలల్లో సముద్రం వైపు వెళ్లే మంచినీరు తగ్గిపోతుంది, మడ నేలలో ఉప్పు పెరుగుతుంది. పొలానికి నీళ్లు కావాలి, కాదనలేం. అడవికీ వాటా కావాలి. తుపాను వచ్చినప్పుడు అలల ఉధృతిని తగ్గించేది ఆ అడవే.

ఈ వేసవి సెలవుల్లో పిల్లల్ని కోరంగి తీసుకెళ్లండి. బాట దిగకండి, తాబేలు గుంత కనిపిస్తే దూరంగా ఉండండి, ప్లాస్టిక్ సీసా వెనక్కి తెచ్చుకోండి. రాజమహేంద్రవరంలో మనం తాగే గోదావరే అక్కడ అడవిగా మొలిచింది. దాన్ని కాపాడుకునే బాధ్యత మనకూ ఉంది.