వృద్ధాశ్రమం: ఆశ్రయం మాత్రమే చాలునా?

బాల్యానికి బడి ఉన్నది. యౌవనానికి కళాశాల, ఉద్యోగం ఉన్నవి. వార్ధక్యానికి మాత్రం కన్నబిడ్డల ఇల్లే దిక్కని మనకు తరతరాల నమ్మకం. ఆ నమ్మకం ఉదాత్తమైనదే. తల్లిదండ్రుల సేవను పరమధర్మంగా బోధించని మతం లేదు. కాని బిడ్డలు గల్ఫ్ దేశాలకో, అమెరికాకో తరలిపోయిన ఇళ్ళలోను, సంతానం లేనివారి ఇళ్ళలోను ఆ దిక్కు కరవవుతున్నది. 2011 జనాభా లెక్కల ప్రకారం మన దేశంలో 60 ఏళ్ళు దాటినవారు 10 కోట్లకు పైగా ఉండిరి. కావున వృద్ధాశ్రమాలు ఉండవచ్చునా, కూడదా అను వాదంతో కాలం గడుపుటకంటె, అందున్నవారు ఎట్లు సుఖంగా జీవింపగలరో ఆలోచించుట యుక్తమని మేము తలుస్తున్నాము.

ఈ విషయంలో మన చట్టం మౌనంగా లేదు. తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమాల కొరకు 2007లో పార్లమెంటు ఒక చట్టం చేసినది. తమను తాము పోషించుకొనలేని తల్లిదండ్రులు బిడ్డలనుండి మనోవర్తి కోరుతూ ట్రిబ్యునలును ఆశ్రయించవచ్చును. నిరుపేద వృద్ధులు కనీసం 150 మందికి వసతి కలిగేటట్లు, జిల్లాకు ఒకటితో ప్రారంభించి, రాష్ట్ర ప్రభుత్వాలు ఆశ్రమాలు నెలకొల్పవచ్చునని అందులోని 19వ సెక్షను చెబుతున్నది. 'నెలకొల్పవచ్చును' అన్నదే గాని 'నెలకొల్పవలెను' అనలేదని పాఠకులు గమనింతురు గాక.

కప్పు, కూడు, మందు సమకూరినంతనే మనిషి బాగుగా జీవిస్తున్నాడనవచ్చునా? ఎల్లెన్ లాంగర్, జుడిత్ రోడిన్ అను ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు అమెరికాలోని కనెక్టికట్ రాష్ట్రంలో ఒక వృద్ధుల సంరక్షణాలయంలో జరిపిన పరిశీలనను 1976లో ప్రకటించిరి. ఒక అంతస్తులోనివారితో, "మీ గది అమరిక మీ ఇష్టం, సినిమా ఏ రాత్రి చూడాలో మీరే నిర్ణయించుకొనండి, ఈ మొక్కలలో ఒకటి కోరుకొని మీరే పెంచండి" అని చెప్పిరి. మరొక అంతస్తులోనివారికి కూడా మొక్కలిచ్చిరి. కాని నీరు పోయుట నర్సుల పని అనిరి. మూడు వారాలకు మొదటి వర్గంవారిలో ఉత్సాహం, చురుకుదనం, ఇతరులతో కలసిమెలసి ఉండుట అధికంగా కనిపించినవి. పరిశీలింపబడినవారు కొద్దిమందే గనుక దీనిని తిరుగులేని సిద్ధాంతంగా భావింపరాదు. అయినను తన దినచర్యపై తనకు అధికారముండుట వృద్ధునికి ఎంత బలమో ఇది సూచిస్తున్నది.

ఈ దృష్టితో చూచిన ఆశ్రమ నిర్వహణ ఎట్లుండవలెను? స్నానాల గదిలో పట్టుకొనుటకు కడ్డీ, జారని నేల, ఎత్తైన గడపలు లేని గుమ్మాలు, రాత్రి వెలిగే చిన్న దీపం: ఇవి శరీర రక్షణకు అవసరం. మనసుకు కావలసినవి వేరు. తన పెట్టె తాళంచెవి తన కొంగున ఉండాలి. తలుపు తట్టి, సెలవు తీసుకొని లోనికి రావాలి. వంటల పట్టీ వ్రాయునపుడు తినేవారిని అడగాలి. "ఏయ్ ముసలమ్మా" అని గాక "అమ్మగారూ" అనియో, "చాచీ" అనియో పిలవాలి.

మతాచారం కూడా ఇందులోనిదే. మోకాళ్ళు వంగని పెద్దకు నమాజుకై ఒక కుర్చీ, కూర్చుండి వజూ చేసుకొనుటకు వీలైన కుళాయి పెద్ద ఖర్చు గాదు. రంజాన్‌లో ఉపవాసముండగోరే మధుమేహ రోగిని ముందుగానే వైద్యునికి చూపించి మందుల వేళలు నిర్ణయింపజేయాలి. పక్క గది తల్లి తులసి మొక్క పెంచుకొందునన్నచో దానికీ చోటుండాలి.

చివరగా విద్యార్థులకు మా మనవి. ఏడాదికొకసారి పండ్లు పంచి, ఫోటో దిగి వచ్చుట సేవ అనిపించుకొనదు. అక్కడ విశ్రాంత ఉపాధ్యాయులున్నారు, దర్జీలున్నారు, ఉర్దూ లిపిని ముత్యాలవలె వ్రాయగలవారున్నారు. వారివద్దకు దాతలుగా గాక శిష్యులుగా వెళ్ళండి. చూపు మందగించినవారికి వారానికొక పూట ఉర్దూ, తెలుగు పత్రికలు చదివి వినిపించండి. ఏ వార్త చదవాలో మాత్రం వారినే అడగండి. కళాశాల కమిటీ పెద్దలు ఇట్టి కార్యక్రమాన్ని వచ్చే సంవత్సరమే ప్రారంభింతురని ఆశిస్తున్నాము.